ఒక చెవి బయట పెట్టి పాడిన పాట

అబద్ధం మొదలుపెట్టే ముందు దరువు చొక్కా చేతులు ఒక మడత పైకి మడుచుకుంటాడని వదిన కూర్చున్న కాసేపటికే కనిపెట్టింది. ఇప్పటికే రెండు చేతులూ మోచేతులు దాటాయి. ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ చొక్కా బనియనైపోయేలా ఉంది.

వదిన అసలు వృత్తి ప్రైవేటు డిటెక్టివ్. భర్త తమ్ముడు పోలీసు ఇన్‌స్పెక్టరు కావడం, అతగాడు స్టేషన్లో "మా వదిన మళ్ళీ తయారైంది" అని విసుక్కుంటూ ఉండడం వల్ల కానిస్టేబుళ్ళ దగ్గర్నుంచి జేబుదొంగల దాకా అందరికీ ఆమె వదినే అయిపోయింది. మొదట్లో ఒళ్ళు మండేది. మేడమ్ అని పిలిచేవాళ్ళు నోరు కుట్టేసుకుంటారనీ, వదినా అని వరస కలిపినవాళ్ళు ఏదో ఒకటి వాగేస్తారనీ తెలిశాక ఆ మంట చల్లారింది.

దరువు అనేది కూడా పెట్టిన పేరే. పాత పాటలకు డాన్సు దరువు కట్టి క్లబ్బుల్లోకి తోలడం అతని పని. మూడో అంతస్తులో రెండు గదుల స్టూడియో. ఈ గదిలో మీటల బల్ల, కంప్యూటరు, మనిషెత్తు స్పీకర్లు. అద్దానికి అవతల చిన్న గదిలో ఒక మైకు, దాని మెడకు తగిలించిన హెడ్‌ఫోన్. గోడమీద కొత్త పోస్టరు. అందులో గాయని నవ్వుతోంది. ఆమె పాత పాటలు ఎనిమిదింటిని క్లబ్బు పాటలుగా మార్చిన ఆల్బమ్ ఈ సాయంత్రమే విడుదల. చూసుకోవడానికి ఆమె లేదు. నాలుగు నెలల క్రితం సొంత ఇంటి బాల్కనీ మీంచి కింద పడి పోయింది.

"మళ్ళీ చెప్పు బాబూ. ఆవిణ్ణి నువ్వు ఆఖరుసారి చూసిందెప్పుడు?"

"కిందటేడండీ. ఏదో ఫంక్షన్లో. అదీ దూరంనుంచి."

"మరి ఆవిడ గొంతు నీ దగ్గరకెలా వచ్చింది?"

"వాళ్ళాయన పంపించారు. మేనేజరూ ఆయనే కదండీ. పాత పాటల్లోంచి వాయిద్యాలు తీసేసి గొంతొక్కటే ఇచ్చారు. దాన్ని మెషీన్లో వేసి స్పీడు పెంచుతాం. కింద దరువు కడతాం. అంతే. మనిషితో పనే లేదు."

"అదృష్టవంతుడివి. మా వంటింటికి కూడా అలాంటి మెషీనేదైనా దొరికితే కబురు చెయ్యి."

దరువు నవ్వబోయి, నవ్వచ్చో లేదో తేల్చుకోలేక ఊరుకున్నాడు.

పక్కన వరండా గదిలో సోఫా అంచున కూర్చుని ఉంది చెల్లెలు. గాయనికి తోడబుట్టింది ఆమె ఒక్కతే. వారం క్రితం వదిన దగ్గరకు వచ్చినప్పుడు ఏడవలేదు. కాఫీ ఇస్తే తాగలేదు. "మా అక్క దూకలేదండీ. తోసింది ఎవరో నాకు ఆ పేరొక్కటి చెప్పండి చాలు. కోర్టు మెట్లు మీరెక్కుతారో, పోలీసులు ఎక్కుతారో మీ ఇష్టం. నాకా ఓపిక లేదు," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేకపోవడమే వదినకు నచ్చలేదు. కోపమైతే ఎప్పటికో అప్పటికి చల్లారుతుంది.

దూకిందని రాసి కేసు మూసేసింది సాక్షాత్తూ మరిదే. గొంతు పోయిన గాయని, ఆ బెంగ తట్టుకోలేక ఆత్మహత్య. భర్త ఇచ్చిన వాంగ్మూలం దానికి ఆధారం. చనిపోయే ముందు రెండు నెలలుగా తన భార్య నోట ఒక్క మాట పెగల్లేదనీ, ఇంట్లో సైగలతోనే కాలం గడిపిందనీ, పోయిన రోజు కూడా అంతేననీ ప్రమాణం చేసి చెప్పాడు. చెబుతూ మరిది భుజం మీద పడి ఏడ్చాడట. మొన్న ఆదివారం భోజనాల దగ్గర మరిది, "అన్నయ్యా, వదిన ఇప్పుడు బాల్కనీ కేసు తవ్వుతోంది, మనింటి బాల్కనీకి కూడా గ్రిల్లు పెట్టించు," అని అందర్నీ నవ్వించాడు. వదిన కూడా నవ్వింది. ఆ పూట అతని కూరలో ఉప్పు రెండోసారి పడింది. పొరపాటునే.

"సరే, ఓ పాట వినిపిస్తాను," అంటూ వదిన సంచీలోంచి ఫోను తీసింది. "మీరు అభిమానులకు పోటీ పెట్టారు కదా. గొంతు మాది, దరువు మీది అని. గొంతొక్కటే ఉన్న పాట అందులోంచి దించుకున్నాను."

"మీరు పోటీలో పాల్గొంటున్నారా?"

"ఏం, తగనా? బట్టలు మడతపెడుతూ వింటున్నాను. మా ఆయన పేపరు చదువుకుంటూ, ఈ పిల్ల వెనకాల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నారేమిటే అన్నాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ మనిషికి నేను చెప్పిందేదీ వినపడలేదు. అలాంటివాడికి వినపడిందంటే అది మామూలు చప్పుడు కాదు కదా. పెద్ద స్పీకర్లలో పెట్టు."

దరువు చెయ్యి చొక్కా చేతి దగ్గరకు వెళ్ళింది. మడవడానికి అక్కడ ఇక గుడ్డ లేదు.

వదినే లేచి ఫోను తీసుకెళ్ళి బల్లమీద వైరుకు తగిలించింది. గాయని గొంతు గదంతా నిండింది. ఏ వాయిద్యమూ లేకుండా, ఒంటరిగా, నిండుగా. ఒక చరణం అయ్యాక ఊపిరి తీసుకున్న చప్పుడు. ఆ ఊపిరికీ తర్వాతి మాటకీ మధ్య సన్నగా, ఎక్కడో డబ్బాలో బంధించినట్టు, టకటక టకటక.

"అదేమిటి?"

"ఫైల్లో ఏదో దోషమండీ. పాత రికార్డింగు కదా."

"పాత పాట నేనూ విన్నాను. నెమ్మదిగా సాగే పాట. గిటారు తప్ప ఇంకో వాయిద్యం లేదు. వేలితో బల్ల మీద కొట్టినవాడు కూడా లేడు. మరీ టకటక ఎక్కడిది?" వదిన గొంతు పెంచలేదు. "ఆవిడకో అలవాటుందట. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, రెండో చెవి బయట వదిలేసి పాడేదట. తన గొంతు తను వినాలని. వాళ్ళ చెల్లెలు చెప్పింది. అలా వదిలేసిన వైపునుంచి, చెవిలో మోగాల్సిన దరువు కాస్త బయటికి కారి మైకులో పడుతుంది. అవునా?"

దరువు పాట ఆపేశాడు.

"ఇప్పుడు నువ్వు కట్టిన పాట పెట్టు."

పెట్టాడు. అదే టకటక. ఈసారి స్పీకర్లు అదిరేలా. నేల కూడా అదిరింది.

"ఇది నువ్వెప్పుడు కట్టావు?"

"వాళ్ళాయన ఆల్బమ్ పని ఒప్పజెప్పాక."

"ఆయన ఒప్పజెప్పింది ఆవిడ గొంతు పోయాక. గొంతు పోయాక పుట్టిన దరువు, గొంతు పోయిన మనిషి చెవిలో ఎలా మోగింది బాబూ?"

దరువు నీళ్ళు నమిలాడు. వదిన అతన్ని అలా నమలనిచ్చి, అద్దం తలుపు తోసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. మైకు ముందు నిలబడింది. అది సరిగ్గా ఆమె నోటికెదురుగా ఉంది. హెడ్‌ఫోన్ తీసి చూసింది. కుడి చెవి డొప్ప మామూలుగా ఉంది. ఎడమ డొప్ప మాత్రం బయటి వైపుకు పూర్తిగా తిప్పేసి ఉంది.

"ఇక్కడ పాడేదెవరు?" లోపల్నుంచే అడిగింది. మైకు ఆమె మాటను స్పీకర్లలోకి మోసుకెళ్ళింది.

"ఎవరూ పాడరండీ. అప్పుడప్పుడూ నేనే, సరదాకి."

"నువ్వు నా కంటే మూరెడు పొడుగు. ఈ మైకులో పాడాలంటే మోకాళ్ళ మీద నిలబడాలి. అంత భక్తా?"

అద్దానికి అవతల దరువు మొహం చూస్తుండగానే పిల్లాడి మొహంలా అయిపోయింది. "కదపబుద్ధి కాలేదండీ," అన్నాడు. "ఆవిడ వెళ్ళాక నేను దాన్ని ముట్టుకోలేదు."

వదిన బయటికి వచ్చి అతనికెదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఇప్పుడతను చొక్కా చేతులు కిందికి దించుకుంటున్నాడు. వదినకు ధైర్యం వచ్చింది.

"ఆవిడే వచ్చిందండీ. ఒక్కతే. నోటికి గుడ్డ కట్టుకుని, అడ్డంగా తల ఊపుతూ లోపలికొచ్చి, తలుపేశాక ఆ గుడ్డ విప్పి, 'నా గొంతుని అలా మెషీన్లో వేసి పిండుతున్నావేంట్రా, సిగ్గులేదూ?' అంది. నా గుండె ఆగిపోయిందనుకోండి. గొంతు పోలేదు. ఏమీ పోలేదు. రెండు నెలలు కావాలనే మానేసిందట."

"ఎందుకు?"

"ఆయన మీద కసి. రోజుకో ఊరు, ఊరికో షో. జ్వరంతో కూడా పాడించేవాడట. పాటలన్నీ ఆయన పేరు మీదే. వదిలేసి పోతానంటే పో, పాటలు మాత్రం నావి అన్నాడట. 'ఆయనకి నానుంచి కావలసింది ఒక్కటే. అదే ఆపేశాను. షోలన్నీ ఒక్కొక్కటీ రద్దవుతుంటే మా ఆయన మొహం చూడాలి, ఇంత సుఖం నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ లేదు,' అని నవ్వింది. ఆ నవ్వు..." దరువు ఆగాడు. "ఈ ఆల్బమ్‌లో మూడు పాటలు కొత్తగా పాడతాను, ఆయనకి చెప్పకు అంది. విడుదల రోజున అందరి ముందూ స్టేజీ ఎక్కి అవే పాడాలని ఆవిడ ప్లాను."

"పాడింది ఏ రోజు?"

"పోయిన రోజేనండీ. మధ్యాహ్నం ఇక్కడ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి..."

"మరి ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నావు?"

"ఆయన మర్నాడే వచ్చారు. ఆఖరుగా చూసింది నువ్వే, నోరు విప్పితే నీ మెడకే చుట్టుకుంటుందన్నారు. పాత గొంతుతోనే ఆల్బమ్ పూర్తి చెయ్యమన్నారు. చేశాను. కానీ పోటీకి పెట్టేటప్పుడు పాతదీ, ఆ రోజు పాడిందీ, రెండు ఫైళ్ళూ విని..." తల పట్టుకున్నాడు. "పాతదాన్ని స్పీడు పెంచితే దెయ్యం పాడినట్టుంటుందండీ. చెయ్యి దానంతటదే బాగున్నదాని మీదకి పోయింది."

వదినకు అతని మీద మొట్టమొదటిసారి కాస్త గౌరవం కలిగింది. ఇంత ప్రాణభయంలోనూ చెడ్డగా వినిపించేదాన్ని బయటికి వదల్లేకపోయాడు.

"ఆయనకెలా తెలిసింది, ఆవిడ ఇక్కడికొచ్చిందని?"

దరువు నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. మరిది ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. యూనిఫాం ఇస్త్రీ నలగలేదు. మొహం మాత్రం నలిగి ఉంది.

"వదినా, లే. ఇంటికి పద."

"కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?"

"ఆల్బమ్ విడుదల రోజున కళాకారుల్ని వేధిస్తున్నావని ఫిర్యాదొచ్చింది. ఆ భర్త స్వయంగా ఫోన్ చేశాడు."

వదిన దరువు వైపు చూసింది. దరువు నేల చూపులు చూశాడు. "మీరు వీధి గుమ్మంలో కనపడగానే భయమేసి ఆయనకి మెసేజ్ పెట్టానండీ. ఆయన కూడా బయలుదేరానన్నారు."

"మంచిపని చేశావు," అని మరిది అతని భుజం తట్టి వదిన వైపు తిరిగాడు. "చూడు వదినా, ఇంట్లో నువ్వు పెద్దదానివి, కాదనను. కానీ నేను మూసిన కేసు నువ్వు తెరుస్తుంటే స్టేషన్లో నా పరువేం కావాలి? కానిస్టేబుళ్ళు పందేలు కాసుకుంటున్నారు."

"నా మీదా, నీ మీదా?"

"నీ మీదే ఎక్కువమంది కాస్తున్నారు. అదీ నా బాధ!"

"అయితే వాళ్ళ డబ్బులు పోగొట్టడం నాకిష్టం లేదు. బాబూ, ఆ రోజు రికార్డింగంతా ఉందా? కత్తిరించకుండా?"

దరువు తలూపాడు. మరిది అడ్డం పడబోయాడు. వదిన చెయ్యెత్తింది. ఆ చెయ్యి ఆమె వడ్డించేటప్పుడు ఎత్తే చెయ్యే. ఇరవై ఏళ్ళుగా ఆ చేతి ముందు నోరెత్తడం అతనికి అలవాటు లేదు.

కంప్యూటరు తెర మీద రికార్డింగు తేదీ కనిపించింది. మరిది వంగి చూశాడు. ఇంకోసారి చూశాడు. అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోతుంటే వదిన కళ్ళార్పకుండా చూసింది. ఆ ఆదివారం నుంచీ ఈ దృశ్యం కోసమే ఆమె ఓపిక పట్టింది. దాచుకోవడం దేనికి, తీపి తిన్నట్టే ఉంది.

పాట మొదలైంది. గొంతు పోయిన మనిషి పాడింది. పైకి వెళ్ళిన చోట గొంతు జీరపోలేదు, కిందికి దిగిన చోట వణకలేదు. పాట అయిపోయింది. మైకు మాత్రం తెరిచే ఉంది. బట్టల సవ్వడి. ఫోను మీటలు నొక్కిన చప్పుడు. స్పీకరు ఫోనులో మోగుతున్న చప్పుడు.

"నేను సిగరెట్టుకి కిందికి వెళ్ళానండీ," అన్నాడు దరువు గొణుగుతున్నట్టు. "వచ్చాక విన్నాను."

"ఎవరు?" ఫోనులో మగ గొంతు.

"నేనేనండీ," అంది గాయని. "గుర్తుపట్టలేదా? మీ సొత్తు కదా ఇది."

మరిది కుర్చీ పట్టుకున్నాడు.

"నువ్వు... మాట్లాడుతున్నావా?"

"పాడుతున్నాను కూడా, దరువు స్టూడియోలో. విడుదల రోజు దాకా దాచుకుందామనుకున్నాను. ఆగలేకపోయాను. రెండు నెలలు మీ ఎదురుగా నోరు కట్టుకుని కూర్చుని, మీ మేడలు కూలడం చూశాను. మీరు డాక్టర్ల కాళ్ళు పట్టుకుంటుంటే లోపల ఎంత నవ్వుకున్నానో. ఇంకో పాట వింటారా?"

ఆ మగ గొంతు ఎంతో మెత్తగా అంది: "వద్దు. ఇంటికి రా. ఇంటికొచ్చి పాడు."

దరువు రికార్డింగు ఆపాడు. ఆపక ముందు వచ్చిన చివరి చప్పుడు ఆమె నవ్వు.

"ఒక్క మాట పెగల్లేదన్నాడు కదూ నీతో?" అంది వదిన. "ప్రమాణం చేశాడు కదూ?"

మరిది టోపీ తీసి చేత్తో పట్టుకుని, "నా భుజం మీద పడి ఏడ్చాడు వదినా," అన్నాడు. అది ఇన్‌స్పెక్టరు గొంతు కాదు. ఒకప్పుడు పరీక్ష తప్పి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డ కుర్రాడి గొంతు.

గెలుపు అనుకున్నంత తియ్యగా లేదని వదినకు అప్పుడనిపించింది. ఏదో ఒకటి అనడానికి తల తిప్పింది. అప్పుడు చూసింది. మరిది వస్తూ వస్తూ తలుపు పూర్తిగా వెయ్యలేదు. సందులోంచి వరండా గది కనిపిస్తోంది. సోఫా ఖాళీగా ఉంది.

"ఆ అమ్మాయేదీ?"

గోడమీద చిన్న తెరలో ఎర్ర దీపం వెలిగి ఆరింది. పాట రికార్డవుతుండగా బెల్లు మోగకూడదు కాబట్టి, వీధి గుమ్మంలో ఎవరైనా నిలబడితే ఇక్కడ దీపం వెలిగి, వాళ్ళ బొమ్మ పడుతుంది. బొమ్మ పడింది. తెల్లచొక్కా వేసుకుని, చేతిలో పూలగుత్తితో గాయని భర్త. అతనికోసం తలుపు లోపల్నుంచి తీసి పట్టుకుని చెల్లెలు.

వదిన తెర కింది మీట నొక్కింది. మాటలు వినిపించాయి.

"రండి బావా. మీ కోసమే చూస్తున్నారు."

"ఆ డిటెక్టివ్ ఇంకా ఉందా?"

"వెళ్ళిపోయింది. పోలీసాయన పంపించేశారు. పేపరువాళ్ళందరూ డాబా మీదున్నారు, ఫొటోలు అక్కడ తీస్తారట. అక్క పెద్ద పోస్టరు కూడా అక్కడే కట్టారు. మీరు దాని పక్కన నిలబడాలట."

"నువ్వు కూడా రామ్మా. కుటుంబమంతా ఒక ఫొటోలో ఉంటే బాగుంటుంది."

"వస్తాను బావా. నేను లేకపోతే ఎలా?"

లోపలికి తిరిగే ముందు చెల్లెలు తలెత్తి ఒక్కసారి కెమెరా వంక చూసింది. మొహంలో ఏమీ లేదు. అక్కడ తమను చూస్తున్నది ఎవరో ఆమెకు తెలుసు. తెలిసే, దాచకుండా చూసింది. తర్వాత తెర ఖాళీ అయింది.

"డాబా మీద ఎవరున్నారు?" మరిది దరువు చొక్కా పట్టుకున్నాడు.

"ఎవరూ లేరండీ! పిట్టగోడ కూడా సగమే కట్టారు!"

ముగ్గురూ వరండా గది దాటి కారిడార్లోకి పరుగెత్తారు. లిఫ్టు తలుపు మీద అంకెలు వెలుగుతున్నాయి. మరిది మీటను పిడికిలితో గుద్దాడు. ఒకటి. రెండు. తలుపు వెనక నుంచి మగ గొంతు, ఆడ గొంతు దగ్గరవుతూ వచ్చాయి. ఎవరో ఏదో సరదా మాట అన్నారు. మూడు. లిఫ్టు ఆగలేదు. గొంతులు పైకి వెళ్ళిపోయాయి.

"మెట్లెటు?" మరిది గిరుక్కున తిరిగాడు. కారిడార్లో ఒకే రంగు తలుపులు అటూ ఇటూ. "వదినా! మెట్లెటున్నాయి?"

వదినకు తెలుసు. ఏ మేడలో అడుగుపెట్టినా ముందు మెట్లెక్కడున్నాయో చూసుకోవడం ఆమెకు వృత్తితో అబ్బిన అలవాటు. జవాబు నాలుక చివరే ఉంది. కానీ ఆమె చెవుల్లో ఆ మెత్తటి మగ గొంతు ఇంకా మోగుతూనే ఉంది. ఇంటికి రా. ఇంటికొచ్చి పాడు. అంకెల్లో నాలుగు వెలిగింది. ఆరింది.

"వదినా!"

"ఎడమ పక్క, చివరి తలుపు," అంది వదిన.

అనడానికి ఆమెకు కావలసినదానికంటే కాస్త ఎక్కువ సేపే పట్టింది. పరుగెత్తబోతున్న మరిది ఒక్క అర క్షణం ఆగి ఆమె మొహంలోకి చూశాడు.